టవలు వేసిన సీటు

మన బస్సుల్లో ఖాళీ సీటును చూపించి "ఇక్కడ మనిషున్నాడండీ" అంటారు. అన్నవాళ్ళకు అది అబద్ధమని తోచదు, విన్నవాళ్ళు కూడా ఎదురు చెప్పరు. సీటు మీద ఒక టవలో, కర్చీఫో, మడతపెట్టిన పేపరో ఉంటుంది. అది మనిషితో సమానం. ఇరవై ఏళ్ళకు పైగా దివిసీమ రోడ్ల మీద కండక్టరుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఆ టవళ్ళకు ఇచ్చినంత మర్యాద నేను కొందరు మనుషులకు ఇవ్వలేదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆడవాళ్ళకు టికెట్టు లేకపోవడంతో ఇప్పుడు బస్సులు కిటకిటలాడుతున్నాయట. ఈ రోజుల్లో డ్యూటీలో చేరుతున్న పిల్లలు చదివితే సంతోషం.

సీటు అనే మాట ఇంగ్లీషుదని ఇప్పుడు ఎవరికి గుర్తుంది? ఇంగ్లీషువాళ్ళకు అది కూర్చునే చోటు, అంతే. మనకు అంతకంటే చాలా ఎక్కువ. అమ్మాయికి కాలేజీలో సీటొచ్చిందంటే వీధంతా స్వీట్లు పంచుతారు. ఎలక్షన్లప్పుడు సీటు రానివాడు నెలరోజులు బయటికి రాడు. పెళ్ళి భోజనాల్లో, తినేవాడి కుర్చీ వెనకాల నిలబడి పెరుగు ఎప్పుడు పడుతుందా అని చూసేవాడిని అడగండి సీటంటే ఏమిటో. నేను బస్సులో గమనించిందొకటి చెబుతాను. "కాస్త చోటివ్వండి" అంటారు జనం. సీటు దగ్గరకొచ్చేసరికి మాత్రం "సీటాపండి" అంటారు. చోటు ఇచ్చేది. సీటు ఆపేది. అదే వస్తువు, పేరు మారగానే చెయ్యి బిగుసుకుంటుంది.

అవనిగడ్డ బస్టాండులోకి బండి తిరిగిందంటే, ఆగకముందే కిటికీల్లోంచి టవళ్ళు వచ్చి పడేవి. టవలు లేనివాళ్ళు చేతికి ఏది దొరికితే అది వేసేవారు. ఒకాయన ఎడమకాలి చెప్పు వేశాడు. ఒకావిడ ములక్కాయల కట్ట పెట్టింది. ఒకసారి కాళ్ళు కట్టిన కోడిపుంజు ఒకటి కిటికీ సీట్లో దర్జాగా కూర్చుని, దగ్గరకొచ్చిన వాళ్ళందరినీ పొడవబోయింది. దాని సీటు జోలికి ఎవరూ వెళ్ళలేదు. వీటికి లెక్కలున్నాయి. పేపరు కంటే టవలు గట్టిది, టవలు కంటే సంచి గట్టిది. ఎక్కడా రాసిలేని ఈ చట్టానికి జడ్జి కండక్టరే. రోజుకు పది తీర్పులు చెప్పేదాన్ని. న్యాయంగానే చెబుతున్నానని నా నమ్మకం.

ఆ నమ్మకానికి కారణం ఉంది. మా నాన్న మొవ్వ దగ్గర ఒక పల్లెలో క్రైస్తవ సంఘానికి ఉపదేశి. నేను ప్రార్థనతో లేచి ప్రార్థనతో పడుకునే ఇంట్లో పెరిగాను. ఆరాధనకు బంగారు ఉంగరంతో వచ్చినవాడిని మంచి చోట కూర్చోబెట్టి, మాసిన బట్టలవాడిని నిలబడమనే విశ్వాసులను అపొస్తలుడు మందలించిన భాగం నాకు తొమ్మిదేళ్ళకే కంఠతా వచ్చు. తప్పులేకుండా అప్పజెప్పినందుకు పాస్టరయ్యగారు స్టీలు గ్లాసు బహుమానమిచ్చారు. డ్యూటీకి వెళ్ళేటప్పుడు నీళ్ళ సీసాతోపాటు ఆ గ్లాసు కూడా సంచిలో ఉండేది. పెద్దయ్యాక ఆదివారపు బడిలో అదే భాగం పిల్లలకు నేనే నేర్పాను.

ఇక ఆ రోజుల్లో నాతో పనిచేసిన డ్రైవరు గురించి. బందరు మనిషి, ముస్లిం. మా డిపోకి బదిలీ మీద వచ్చాడు. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. నన్ను చెల్లెమ్మా అనేవాడు, నేను అన్నయ్యా అనేదాన్ని. గుడివాడలో బండి ఆగిన అరగంటలో ఆయన నమాజుకు వెళ్ళొచ్చేవాడు. నేను బండిలోనే కూర్చుని వాక్యం చదువుకునేదాన్ని. "మన బండికి రెండు వైపులా కాపలా ఉంది చెల్లెమ్మా, ఏం కాదు" అని నవ్వేవాడు.

అలాంటి మా మధ్య మాటలు పోయాయి. దానికీ సీటే కారణం. ఒకరోజు ఆయన బావమరిది చల్లపల్లిలో ఎక్కి ఆడవాళ్ళ సీట్లో కూర్చున్నాడు. నేను లేవమన్నాను. "మీ డ్రైవరు మా బావ అండీ" అన్నాడు అతను. "ఆ సీటు మీ బావగారిది కాదు కదండీ" అన్నాను. బస్సంతా నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది. అవనిగడ్డలో దిగాక డ్రైవరు నా దగ్గరకొచ్చి, "లేపితే లేపావ్, నలుగురిలో నవ్వించడం ఎందుకమ్మా?" అన్నాడు. "రూలు రూలేనండీ" అన్నాను నేను. అన్నయ్యా అనలేదు, అండీ అన్నాను. ఆయనకు అది గుచ్చుకుంది.

అప్పటినుంచి మా మధ్య రెండే మాటలు. బండి కదలాలంటే "రైట్", ఆగాలంటే "హోల్డాన్". కోడూరు నుంచి గుడివాడ, గుడివాడ నుంచి కోడూరు, రోజంతా ఆ రెండు మాటలతో నడిపాం. ఇద్దరం దేవుడంటే భయం ఉన్నవాళ్ళమే. ఒకరితో ఒకరం మాట్లాడితే ఎక్కడ తగ్గిపోతామోనన్న భయం దానికంటే పెద్దదైంది. ఆదివారం ప్రార్థనలో నేను ఆయన గురించి కన్నీళ్ళతో వేడుకున్నాను, మా మధ్య సమాధానం కలగాలని. సోమవారం ఆయన ఎదురుగా నిలబడితే నోరు మాత్రం పెగల్లేదు. దేవుడితో మాట్లాడటం తేలికైంది. నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషితో కుదరలేదు.

మంగళవారం మధ్యాహ్నం గుడివాడ నుంచి తిరుగు ట్రిప్పు. ఆ రోజు సంత జనం, కాలేజీ పిల్లలు, ఆసుపత్రుల నుంచి వచ్చేవాళ్ళు, బండి నిండిపోయింది. డ్రైవరు వెనక రెండో వరసలో, కిటికీ పక్క సీటు మీద మాత్రం ఒక టవలు పరిచి ఉంది. ఎర్ర అంచు తెల్ల టవలు. మా డ్రైవరు మెడ చుట్టూ వేసుకునే రకం. ఈ పక్క సీట్లో ధాన్యం కమీషను వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు.

"ఈ టవలెవరిదండీ?" అని ఆయన్ను అడిగాను.

"నేనెక్కేటప్పటికే ఉందమ్మా. మీవాళ్ళదేననుకున్నా" అన్నాడు.

మావాళ్ళదంటే ఎవరిది? నాది కాదు, కాబట్టి డ్రైవరుది. వాళ్ళ బావమరిదో, మరొకరో పామర్రులో ఎక్కుతారు కాబోలు, సీటాపుకున్నాడు అనుకున్నాను. అడగడానికి ముందుకు రెండడుగులు వేశాను కూడా. ఆయన అద్దంలో నన్ను చూసి చూపు తిప్పుకున్నాడు. నేనూ ఆగిపోయాను. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన వచ్చినందుకు దేవుణ్ణి స్తుతించాను కూడా, అదీ చెప్పాలి. మాటలతో పనేముంది, ఈయన ఆపుకున్న సీటును ఈ జనంలో ఎవరూ తీసుకోకుండా నేను కాపాడితే, నా మనసు ఆయనకే తెలుస్తుంది. అదే నా క్షమాపణ అవుతుంది. నోరు తెరవక్కర్లేదు.

కాపాడటం మొదలుపెట్టాను. ఎవరు ఆ సీటు వైపు చూసినా, "మనిషున్నాడండీ" అని దూరం నుంచే కేకేశాను. ఇద్దరు కాలేజీ పిల్లల్ని వెనక్కి పంపాను. డ్రైవరు అద్దంలో చూస్తూనే ఉన్నాడు. నాకు తృప్తిగా ఉంది.

బండి కదలబోతుండగా ఒకావిడ ఎక్కింది. యాభై ఏళ్ళుంటాయేమో, మొహం ఉబ్బి, ఒళ్ళు పాలిపోయి ఉంది. కుడిచేతిలో గుడ్డసంచి, ఎడమచేతికి మోచేతి కింద తెల్లటి కట్టు. కోడూరు అవతల రొయ్యల షెడ్డులో పనిచేసేదట, ఇదంతా నాకు తరవాత తెలిసింది. ఆవిడ నేరుగా ఆ సీటు దగ్గరకొచ్చి ఆగింది.

"కండక్టరమ్మగారూ, ఈ సీటుకి మనిషున్నాడాండీ?"

"ఉన్నాడమ్మా. నువ్వు కాస్త లోపలికి జరుగు" అన్నాను.

నువ్వు అన్నాను. మాసిన చీర చూసి నోటికి అదే వచ్చింది. ఆవిడ జరగలేదు. ఆ సీటు పక్కనే, పైన రాడ్డు పట్టుకుని నిలబడింది. సీటతను వచ్చి ఎక్కడైనా దిగిపోతే తనకు దొరుకుతుందని ఆశ. సంచి బరువుగా ఉంది కాబట్టి దాన్ని కుడిచేత్తో పట్టుకుని, కట్టున్న చేత్తోనే రాడ్డు పట్టుకుంది.

నా సీటు ఇవ్వచ్చు కదా అంటారేమో. నా సీటు అప్పటికే పసిబిడ్డతో ఉన్న తల్లికిచ్చాను. దాంతో ఆ పూటకు నా వంతు మంచితనం అయిపోయిందనుకున్నాను.

పామర్రు వచ్చింది. ఎవరూ ఆ సీటు కోసం రాలేదు. ఒకాయన ఎక్కి, డ్రైవరునే అడిగాడట: "ఆ సీటు ఖాళీయేనాండీ?" "కండక్టరమ్మ తాలూకు" అన్నాడట డ్రైవరు. ఆ ముక్క నాకు అప్పుడే వినబడి ఉంటే బాగుండేది. నేను వెనకాల టికెట్లు కొడుతున్నాను. పామర్రులో కాకపోతే కూచిపూడిలో ఎక్కుతాడు కాబోలు అనుకున్నాను. కూచిపూడిలో ఎక్కకపోతే మొవ్వలో అనుకున్నాను. ధాన్యం వ్యాపారి కాసేపు చూసి, తన రెగ్జిను సంచి తీసి టవలు మీద పెట్టాడు. "మనిషొచ్చాక తీసేస్తాలెండి" అన్నాడు నాతో. సరేనన్నాను. అలా సంచి కూర్చుంది, ఆవిడ నిలబడింది.

మొవ్వ దాటాక నేను ముందుకొస్తుంటే ఆవిడ మళ్ళీ అడిగింది, ఈసారి చిన్నగా. "ఆ బాబు ఎక్కడెక్కుతాడమ్మా?"

"వస్తాడులేమ్మా" అన్నాను. ఆవిడ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. చూశాను. నా సంచిలో నీళ్ళ సీసా ఉంది, బహుమానం గ్లాసు ఉంది. చూసి ముందుకు వెళ్ళిపోయాను.

చల్లపల్లి ఇంకా నాలుగైదు కిలోమీటర్లుంది. రోడ్డు మీద గేదెలు అడ్డమొచ్చి డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. నిలబడ్డవాళ్ళంతా ముందుకు తూలారు. ఆవిడ ఎడమచెయ్యి రాడ్డుకు వేలాడినట్టయి, జారి, కిందికి కూలబడిపోయింది. ముందు కళ్ళు తిరిగాయనుకున్నారు. ఇంతలో ఎవరో ఆడపిల్ల కెవ్వున అరిచింది. ఆవిడ చేతికట్టు ఎర్రబడుతోంది. చూస్తుండగానే మోచేతి నుంచి ధారగా కారి కింద రేకుమీద మడుగు కట్టింది.

"డయాలసిస్ చేయించుకొస్తున్నానమ్మా" అంది ఆవిడ, ఏదో తప్పు చేసినట్టు. "నరం దగ్గర... గట్టిగా నొక్కమన్నారు."

నేను కింద కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాను. నా వేళ్ళ సందుల్లోంచి వెచ్చగా వచ్చేస్తోంది. "గుడ్డ! గుడ్డేదైనా ఇవ్వండి!" అని అరిచాను.

"చెల్లెమ్మా, ఏమైంది?" అని డ్రైవరు కేక. వారం తరవాత మొదటి మాట.

"రక్తం అన్నయ్యా! ఆగట్లేదు! మీ టవలు తీసుకుంటున్నా!"

"నా టవలేది?"

"ఈ సీటు మీదది!"

"అది నాది కాదమ్మా! నీది కదా?"

ధాన్యం వ్యాపారి సంచి లాగేసి, టవలు నా మీదకు విసిరాడు. దాన్ని నాలుగు మడతలు వేసి, ఆవిడ చేతిమీద పెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా వేసి నొక్కాను. "పోనివ్వండి అన్నయ్యా, ఎక్కడా ఆపకండి!" ఆయన లైట్లు వేసి, హారన్ మీద చెయ్యి తీయకుండా పోనిచ్చాడు. దిగాల్సినవాళ్ళు ఒక్కరు కూడా ఆపమనలేదు. బస్సును తిన్నగా చల్లపల్లి ఆసుపత్రి గేటులోకి తిప్పాడు.

అక్కడ నర్సమ్మ మా చేతుల్లోంచి ఆవిడను తీసుకుని, కట్టు విప్పి, ప్రెషరు పెట్టి, చాలాసేపటికి రక్తం ఆపింది. ఆపాక నావైపు తిరిగింది.

"ఈ చేత్తో రాడ్డు పట్టుకుందా?"

"అవునండీ."

"డయాలసిస్ అయిన మనిషి బీపీ పడిపోయి ఉంటుంది. ఎందుకు నిలబడింది? సీటు లేదా?"

నేను ఆమెకు ఏదో ఒకటి చెప్పచ్చు. బస్సు రద్దీ అనచ్చు, అది నిజమే.

"ఉందండీ" అన్నాను.

నర్సమ్మ నన్ను ఒక చూపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఎంతమంది ఆఫీసర్ల చేత తిట్లు తిన్నానో లెక్కలేదు. ఆ చూపు ముందు అవేవీ గుర్తుకు రావు.

ఆవిడకు ప్రాణాపాయం లేదని చెప్పేవరకు డ్రైవరూ నేనూ వరండాలో కూర్చున్నాం. ఆయన చొక్కా మీద, నా చేతుల మీద రక్తం ఆరిపోయి అట్టకట్టింది.

"నీవాళ్ళ కోసం ఆపావనుకున్నా చెల్లెమ్మా. ఊరికే ఊరికే కేకలేస్తుంటేనూ."

"మీవాళ్ళ కోసం మీరు ఆపారనుకున్నా."

"నన్నడగచ్చుగా?"

"మీరు మాట్లాడితేగా!"

"నువ్వు మాట్లాడితేగా!"

ఇద్దరం తల దించుకున్నాం. కాసేపటికి ఆయన లేచి కుళాయి దగ్గర చొక్కా మీది రక్తం కడిగి, చేతులూ మొహమూ కాళ్ళూ కడుక్కుని, ఆవరణలో ఒక మూల శుభ్రంగా ఉన్నచోట నమాజు చేసుకున్నాడు. నేను కూర్చున్నచోటే కళ్ళు మూసుకున్నాను. అంతకుముందు ఆదివారం అంత ధారాళంగా వచ్చిన మాటలు ఒక్కటీ రాలేదు. కళ్ళ ముందు మాత్రం టవలు మీద కూర్చున్న ఆ రెగ్జిను సంచి కనపడుతోంది.

ఆ టవలు ఎవరిదో ఈ రోజుకూ తెలియదు. గుడివాడ బస్టాండులో రెండు బళ్ళు పక్కపక్కన ఆగుతాయి. ఎవరో పెద్దమనిషి తనెక్కాల్సిన బండి అనుకుని మా బండి కిటికీలోంచి వేసి ఉంటాడు. తరవాత అవతలి బండెక్కి, తన సీటు ఎవరో కాజేశారని ఊరు చేరేదాకా తిట్టుకుంటూ నిలబడి ఉంటాడు. ఇక్కడ మాత్రం ఆయన కోసం బస్సంతా కాపలా కాసింది.

బండి ఆలస్యమైనందుకు డిపోలో సంజాయిషీ అడిగారు. ప్రయాణికురాలికి హఠాత్తుగా అనారోగ్యం, ఆసుపత్రికి తరలించాం అని రాశాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు. కాగితం చదివి మేనేజరుగారు మెచ్చుకున్నారు కూడా. ఖాళీ సీటు గురించి అందులో రాయలేదు. ఆ రాయని ముక్కే ఇప్పుడు రాస్తున్నాను.

ఈ సంగతి అప్పటికే మా ఊరు చేరింది. ఆదివారం ఆరాధనలో సంఘపెద్ద లేచి, "మన సహోదరి చేత దేవుడు ఒక ప్రాణాన్ని కాపాడాడు, వచ్చి సాక్ష్యం చెప్పాలి" అన్నాడు. లేచి వెళ్ళాను. ముందు వరసలో పెద్దల కుర్చీలు, ఆ వెనక మామూలు కుర్చీలు, వాటి వెనక చాపలు. చాపల మీద ఎప్పుడూ కూర్చునే ముసలమ్మలు నావైపే చూస్తున్నారు. చెప్పడం మొదలుపెడితే గుడివాడ నుంచి మొత్తం చెప్పేశాను. మనిషున్నాడని కేకలేయడం, నువ్వు అనడం, నీళ్ళుండి ఇవ్వకపోవడం. చిన్నప్పుడు ఏ భాగం అప్పజెప్పి ఏ గ్లాసు తెచ్చుకున్నానో అదీ చెప్పాను. మధ్యలో ఎప్పుడూ వచ్చే స్తోత్రాలు ఆ రోజు రాలేదు. బయట చెప్పుల దగ్గర సంఘపెద్ద, "అమ్మా, సాక్ష్యమంటే దేవునికి మహిమ వచ్చేలా ఉండాలి" అని మెల్లగా అన్నాడు. తరవాతి ఆదివారం నేను వెళ్ళేసరికి ముందు కుర్చీల మీద గ్రంథాలు, కర్చీఫులు ఎప్పటిలాగే పెట్టి ఉన్నాయి. ఆ రోజు నేను చాపమీద కూర్చున్నాను. అందులో గొప్పేమీ లేదు, కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు అంతే.

రెండు వారాల తరవాత, మంగళవారమే, గుడివాడలో ఆవిడ మళ్ళీ మా బండెక్కింది. చేతికి కొత్త కట్టు. గుడ్డసంచిలోంచి మడతపెట్టిన టవలు తీసి నాకిచ్చింది. ఆసుపత్రివాళ్ళు పారేయబోతుంటే అడిగి తీసుకుందట.

"సబ్బుపెట్టి మూడుసార్లు ఉతికానమ్మా. మరక పూర్తిగా పోలా. ఆయనకి కాస్త చెప్పండి."

"ఏ ఆయనకండీ?"

"సీటాయనకి."

అప్పటికి ఆ సంగతి సంఘం ముందు చెప్పాను, మా ఇంట్లో చెప్పాను. చెప్పాల్సిన ఒక్క మనిషికి చెప్పలేదు. ఆవిడను నా సీట్లో కూర్చోబెట్టి, పక్కన నిలబడి చెప్పాను. "సీటాయన ఎవరూ లేరండీ. ఆ రోజు ఆ సీటు ఖాళీ. నేనే అడక్కుండా, తెలుసుకోకుండా మనిషున్నాడన్నాను. నన్ను క్షమించండి."

ఆవిడ నన్నూ, టవలునూ మార్చి మార్చి చూసింది.

"ఖాళీయేనా?"

"ఖాళీయేనండీ."

"ఓరి దేవుడా" అని, ఒక్కసారిగా నవ్వేసింది. "అంతదూరం ఎవరికోసం నిలబడ్డానే నేను!" నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. డ్రైవరు అద్దంలో చూసి తనూ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

ఆ టవలు నా దగ్గరే ఉండిపోయింది. ఆవిడకు వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం డయాలసిస్. ఆ రెండు రోజులూ నాకు ఆ డ్యూటీ పడేలా డిపోలో బతిమాలుకున్నాను. గుడివాడలో జనం ఎక్కకముందే డ్రైవరు వెనక రెండో వరస కిటికీ పక్కన ఆ టవలు పరిచేదాన్ని. ఎవరైనా అడిగితే "మనిషుందండీ" అనేదాన్ని. ఆ మాట నిజంగా నిజమైంది అప్పుడే. ఆవిడ వచ్చి, టవలు మడిచి నా చేతికిచ్చి, "సీటాయన ఒప్పుకున్నాడా?" అని అడిగి కూర్చునేది. ప్రతిసారీ అదే హాస్యం. ఒకసారి షెడ్డు నుంచి రొయ్యలు తెచ్చి, "ఇవి ఆయనకి" అని నాకిచ్చింది. డ్రైవరుకి సగం ఇచ్చాను. రెండేళ్ళకు పైగా అలా సాగింది.

తరవాత ఒక శుక్రవారం ఆవిడ రాలేదు. బయల్దేరే వేళ దాటినా రెండు నిమిషాలు చూశాం. డ్రైవరు ఇంజను ఆన్‌లో పెట్టి కూర్చున్నాడు. మంగళవారమూ రాలేదు. ఆ సాయంత్రం కోడూరులో షెడ్డు పనికి వెళ్ళే ఆడవాళ్ళను అడిగాను. "గురువారం తెల్లారగట్ల పోయిందమ్మా, మీకు తెలీదా?" అన్నారు. నిద్రలోనే పోయిందట.

మళ్ళీ శుక్రవారం. గుడివాడలో బండి ఎక్కగానే, చెయ్యి అలవాటు కొద్దీ టవలు తీసి ఆ సీటు మీద పరిచేసింది. పరిచాక తెలిసింది. తీయబుద్ధి కాలేదు. జనం ఎక్కారు, సీట్లు నిండాయి. ఆ ఒక్కటీ అలాగే ఉంది. చూసినవాళ్ళు ఎవరో ఉన్నారనుకుని వెనక్కి వెళ్ళిపోతున్నారు. నన్నెవరూ అడగలేదు. టవలు ఉంది కదా.

చివర్లో ఒక పెద్దాయన ఎక్కాడు. కంటి ఆపరేషను అయినట్టుంది, ఒక కంటికి పచ్చ అద్దం. చేత్తో తడుముకుంటూ వచ్చి ఆ సీటు కమ్మీ పట్టుకుని ఆగాడు.

"అమ్మా, ఈ సీటుకి మనిషున్నారా?"

డ్రైవరు అద్దంలోంచి నావైపు చూశాడు.

"లేరండీ" అన్నాను. మరక వైపు లోపలికి వచ్చేలా టవలు మడిచి భుజాన వేసుకున్నాను. "కూర్చోండి."

ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, సంచిలోంచి గ్లాసు తీసి, నీళ్ళు పోసి ఇచ్చి, ఆయన తాగేదాకా ఆగి, అప్పుడు "రైట్" అన్నాను.